శరీరానికి తొలి కావలి

కాలిలో ముల్లు విరిగినది. తీసివేసినాము, మరచిపోయినాము. మరునాడు తెల్లవారేసరికి ఆ చోటు ఎర్రబడి, వాచి, వేడెక్కి, సలుపుతూ ఉంటుంది. ఇంకొక రెండు రోజులకు చీము పడుతుంది. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే ఈ నాలుగు లక్షణాలను రోమక పండితుడు సెల్సస్ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే వరుసగా పేర్కొని వ్రాసినాడు. కాని ముల్లుతోపాటు లోపలికి దూరినది పరాయి జీవి అని శరీరానికి తెలిసినది ఎట్లా? కంటికి కనిపించని క్రిమిని, చర్మం క్రింది చీకటిలో, కన్నూ చెవీ లేని కణాలు ఏ ఆనవాలు పట్టి గుర్తించినవి? ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. దీనికి గట్టి సమాధానం దొరకడానికి 1882 మొదలు 1998 దాకా నూరేళ్ళకు పైగా పట్టినది. విచిత్రమేమంటే ఆ కథ కూడ ఒక ముల్లుతోనే మొదలవుతుంది.

ఇల్యా మెచ్నికాఫ్ రష్యా సామ్రాజ్యానికి చెందిన జంతుశాస్త్రజ్ఞుడు, వైద్యుడు కాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలోని ఆచార్య పదవిని వదలుకొని, 1882లో కుటుంబంతో సిసిలీ ద్వీపంలోని మెస్సినా పట్టణానికి వచ్చి, సముద్రతీరాన ఒక ఇల్లు తీసుకొని పరిశోధన చేసుకొంటూ ఉండినాడు. అప్పటికి ఆయన వయస్సు 37 ఏళ్ళు. నక్షత్రచేప పిల్లలు, అనగా గుడ్డు నుండి వెలువడిన డింభకాలు, అద్దం వలె పారదర్శకంగా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే వాటి లోపల కదలాడే కణాలు కూడ కనిపిస్తాయి. ఒకనాడు ఇంటివారందరు సర్కస్‌లో కోతుల ఆటలు చూడబోయినారు. ఒంటరిగా కూర్చుండి ఆ కణాల సంచారాన్ని చూస్తున్న మెచ్నికాఫ్‌కు ఒక ఆలోచన తట్టినది. ఈ కణాలు ఆహారాన్ని మ్రింగడానికే కాక, లోపలికి వచ్చిన శత్రువును ఎదుర్కొనడానికి కూడ ఉన్నవేమో! అదే నిజమైతే, రక్తనాళాలు గాని నాడీమండలం గాని లేని ఈ అల్పప్రాణిలో ముల్లు గుచ్చినా, మన వ్రేలిలో ముల్లు దిగినప్పటి వలెనే, దాని చుట్టు కణాలు మూగవలె. ఆయన ఇంటి తోటలోనుండి గులాబి ముళ్ళు తెచ్చి డింభకాల చర్మం క్రింద గుచ్చినాడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారి చూచేసరికి ముల్లు చుట్టు కణాలు దండు కట్టి ఉన్నవి.

ఆనాటి వైద్యుల అభిప్రాయం దీనికి పూర్తిగా విరుద్ధం. చీములో కనిపించే శ్వేతకణాలు క్రిములను మోసుకొనిపోయి ఒంటినిండా వ్యాపింపజేస్తాయని పలువురు నమ్మేవారు. ఆ రోజులలోనే మెస్సినాకు వచ్చిన సుప్రసిద్ధ జర్మన్ వైద్యుడు విర్కో ఈ ప్రయోగాన్ని చూచి మెచ్చుకొన్నా, లోకమంతా తలక్రిందుగా నమ్ముతున్నది కనుక జాగ్రత్తగా ముందుకు సాగవలసినదని హెచ్చరించినాడు. వియన్నాలోని క్లౌస్ అనే ఆచార్యుడు ఈ కణాలకు గ్రీకు భాషలోనుండి ‘ఫాగోసైట్లు’ అని పేరు సూచించినాడు. కణభక్షకాలు అని మనం అనుకోవచ్చు. 1884లో మెచ్నికాఫ్ డాఫ్నియా అనే నీటిపురుగులో ఈ పోరాటాన్ని ఆద్యంతం చూచినాడు. శిలీంద్రపు బీజాలు లోపలికి చొరబడినప్పుడు కణాలు వాటిని మ్రింగగలిగితే పురుగు బ్రతికినది, మ్రింగలేకపోతే చచ్చినది. 1888లో ఆయన పారిస్‌కు చేరి, పాశ్చర్ తన పేరిట నెలకొన్న సంస్థలో ఇచ్చిన ప్రయోగశాలలో 1916లో మరణించేదాకా పనిచేసినాడు.

ఆయన శిష్యపరంపరకు మన దేశంతో కూడ సంబంధమున్నది. ఒడెస్సాలో ఆయన వద్ద చదువుకొని, పారిస్‌కు కూడ వెంట వచ్చిన వాల్డెమార్ హాఫ్కిన్ 1893లో కలకత్తాకు వచ్చి కలరా టీకాలు వేసినాడు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా అక్కడే టీకా తయారుచేసి, 1897 జనవరిలో మొదట తన ఒంటికే ఎక్కించుకొన్నాడు. ఆ ప్లేగు క్రిమి ఈ కథ చివర మరల కనిపిస్తుంది.

పారిస్‌లో మెచ్నికాఫ్ కణాల మహిమను చాటుతుండగా, బెర్లిన్‌లో వేరొక పక్షం బలపడినది. 1890లో బెహ్రింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ధనుర్వాతపు విషానికి అలవాటుపడిన జంతువు రక్తంలోని ద్రవభాగం మరొక జంతువును కాపాడుతుందని నిరూపించినారు. అందులోని రక్షక పదార్థాలే నేడు మనం ప్రతిరక్షకాలు అంటున్నవి. కాపాడేది కణమా, ద్రవమా అని రెండు పక్షాల మధ్య తీవ్రమైన వాదం నడిచినది. జర్మనీ, ఫ్రాన్సుల మధ్య ఉండిన వైరం దానికి ఆజ్యం పోసినది. 1908లో నోబెల్ బహుమానాన్ని మెచ్నికాఫ్‌కు, ప్రతిరక్షకాల పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కు కలిపి పంచి ఇచ్చినారు. ఇద్దరికీ సమంగా పంచినా, తరువాతి కాలం మాత్రం ఒక పక్షానికే మొగ్గినది. ప్రతిరక్షకాల నిర్మాణమేమిటి, లక్షల రకాల ప్రతిరక్షకాలను శరీరం ఎట్లా తయారు చేయగలుగుతున్నది అనే ప్రశ్నలు మహామేధావులను ఆకర్షించినవి. 1972లోను, 1987లోను ఆ రహస్యాలు ఛేదించినవారికి నోబెల్ బహుమానాలు వచ్చినవి. మెచ్నికాఫ్ కణాలు మాత్రం, యుద్ధం ముగిసిన తరువాత చెత్త ఎత్తివేసే పాకీవారివంటివని చాలామంది ఒక ప్రక్కకు నెట్టినారు.

కాని ఒక చిక్కు మిగిలే ఉన్నది. క్రొత్త క్రిమి వచ్చినప్పుడు దానికి తగిన ప్రతిరక్షకాలు తయారు కావడానికి వారం రోజులో, అంతకు మించియో పడుతుంది. అనుకూలమైన చోట కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక్క క్రిమి 8 గంటలలో 24 మారులు రెట్టింపైతే కోటి అరవై ఏడు లక్షలకు పైబడుతుంది. మరి ఆ వారం రోజులు మనలను ఎవరు కాపాడుతున్నట్లు? అంతేకాదు, ఈగలకు, పురుగులకు, నక్షత్రచేపలకు ప్రతిరక్షకాలే లేవు. అయినా అవి కోట్ల సంవత్సరాలుగా కుళ్ళులో, బురదలో హాయిగా బ్రతుకుతూనే ఉన్నవి.

దీనికి తోడు టీకాలు తయారుచేసేవారికి తెలిసిన రహస్యం మరొకటి ఉన్నది. క్రిమి నుండి ఒక మాంసకృత్తును వేరుచేసి, బాగా శుభ్రపరచి సూదిమందుగా ఎక్కిస్తే శరీరం దానిని పెద్దగా పట్టించుకోదు. దానితో చచ్చిన క్షయ క్రిముల పొడినో, పటికవంటి అల్యూమినియం లవణాన్నో కలిపితేనే శరీరం మేల్కొంటుంది. వీటిని టీకా సహాయకాలు అంటారు. అవి ఎందుకు అవసరమో ఎవరికీ అంతుబట్టలేదు. శాస్త్రజ్ఞులు బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడే రహస్యం ఇది అని 1989లో ఎత్తిపొడిచినవాడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలోని ఆచార్యుడు చార్లెస్ జేన్‌వే. న్యూయార్కు సమీపాన కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగిన సదస్సులో ఆయన ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించినాడు. అప్పటికి ఆయన చేతిలో ప్రయోగసాక్ష్యమేదీ లేదు, ఉన్నది తర్కమొక్కటే.

ఆయన తర్కాన్ని మన పల్లెటూరి దృష్టాంతంతో చెప్పుకొందాము. వెనుకటి రోజులలో రాత్రివేళ ఊరు కాచే తలారికి లోకంలోని దొంగలందరి పేర్లూ ముఖాలూ తెలియవు. తెలియవలసిన పని కూడ లేదు. ఒంటికి నూనె రాసుకొని, గునపం చేతబట్టి, అర్ధరాత్రి గోడ వెంట నక్కుతున్నవాడు ఎవరైనా సరే, దొంగ అని కేక పెడతాడు. దొంగ పేరు మార్చుకోవచ్చు, వేషం మార్చుకోవచ్చు. గునపం లేకుండా కన్నం వేయలేడు. అట్లే క్రిములలో కూడ అవి విడిచిపెట్టి బ్రతకలేని భాగాలు కొన్ని ఉంటాయి. అవి మన శరీరంలో ఉండవు. ఆ కొద్దిపాటి ఆనవాళ్ళను గుర్తించే గ్రాహకాలు పుట్టుకతోనే మన కణాలకు ఉండవలెనని, అవి కేక పెట్టిన తరువాతనే ప్రతిరక్షకాల సైన్యం కదులుతుందని జేన్‌వే వాదించినాడు. చచ్చిన క్షయ క్రిముల పొడి చేస్తున్నది ఆ కేక పెట్టించడమే. ఊహ బాగున్నది, కాని ఆ గ్రాహకాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. అది బయటపడినది ఒక ఈగలో.

అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగను జన్యుశాస్త్రజ్ఞులు ఎంతోకాలంగా పరిశీలిస్తున్నారు. గ్రుడ్డులోని పిండానికి వీపు ఏది, పొట్ట ఏది అని నిర్ణయించే జన్యువులను జర్మనీలో క్రిస్టియానే న్యుస్లైన్-ఫోల్‌హార్ట్ అనే విదుషి వెదకుతుండగా, ఒక వింత పిండం కంటబడినది. ఆమె ఆశ్చర్యంతో ‘టోల్’ అన్నది. జర్మన్ భాషలో దానికి ‘భలే’ అని అర్థం. ఆ జన్యువుకు ఆ మాటే పేరైనది. ఈ రంగంలో చేసిన కృషికి ఆమెకు మరి ఇద్దరితో కలిపి 1995లో నోబెల్ బహుమానం వచ్చినది. అప్పటికి టోల్‌కు, రోగనిరోధానికి ఉన్న సంబంధం నిరూపణ కాలేదు. అయితే కణం లోపలికి చొచ్చి ఉండే టోల్ తోకభాగం, మనుషులలో జ్వరానికి, వాపుకు కారణమయ్యే కబురును అందుకొనే ఒక గ్రాహకపు తోకను పోలి ఉన్నదని 1991లోనే గమనించినారు.

ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గ్‌లో జూల్స్ హాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు మొదట మిడుతలను, తరువాత ఈగలను పట్టుకొని, పురుగులు రోగాలను ఎట్లా తట్టుకొంటాయని ఏళ్ళ తరబడి పరిశోధిస్తూ ఉండినాడు. ఆయన ప్రయోగశాలలో బ్రూనో లమేత్ర్, సహచరులు టోల్ జన్యువు చెడిన ఈగలకు బూజుజాతి శిలీంద్రాన్ని సోకించినారు. మామూలు ఈగలు తట్టుకొన్నవి. టోల్ లేని ఈగలు చచ్చినవి. వాటి ఒంటినిండా బూజు దారాలు మొలిచినవి. 1996లో ఆ చచ్చిన ఈగ ఛాయాచిత్రంతో వ్యాసం వెలువడినది. ఈగలో టోల్ తానుగా శిలీంద్రాన్ని తాకదని, వేరొక మాంసకృత్తు తెచ్చే కబురును అందుకొని కేక పెడుతుందని తరువాత తేలినది.

ఈ వార్తకు యేల్‌లో అందరికంటె ఎక్కువ సంతోషించినవారు జేన్‌వే, ఆయన వద్ద చేరిన యువకుడు రుస్లాన్ మెజిటోవ్. తాష్కెంటులో పుట్టిన మెజిటోవ్ మాస్కోలో విద్యార్థిగా ఉన్న రోజులలోనే జేన్‌వే వ్యాసం చదివి, దానితో ఆకర్షితుడై అమెరికాకు వెళ్ళినాడు. 1997లో వారిద్దరు మనిషిలో కూడ టోల్‌ను పోలిన గ్రాహకం ఉన్నదని, దానిని కదిలిస్తే కణాలు పోరాటానికి సిద్ధమవుతాయని చూపించినారు. కాని అది గుర్తించేది దేనిని? ఈ చివరి ముడి విడినది ఒక ఎలుక వలన.

ఇక్కడ మనం నూరేళ్ళు వెనుకకు పోవలె. 1892లో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ సంస్థలో రిచర్డ్ ఫైఫర్ అనే వైద్యుడు, వేడిమికి చచ్చిన కలరా క్రిములను ఎక్కించినా జంతువులు చనిపోతున్నవని గమనించినాడు. అది క్రిమి వెలుపలికి క్రక్కే విషం కాదు, దాని ఒంటిలోనే ఉన్నది కనుక అంతర్విషమని పేరు పెట్టినాడు. అది కొన్ని జాతుల బాక్టీరియాల పైపొరలో ఉండే పదార్థమని, కొవ్వు, చక్కెరలు కలిసి ఏర్పడినదని తరువాత తెలిసినది. తిరునాళ్ళకు, పుష్కరాలకు పోయే యాత్రికులకు కలరా సూదులు వేసిన రోజులు పెద్దలకు జ్ఞాపకముండవచ్చు. ఆ రాత్రి చెయ్యి వాచి జ్వరం కాయడానికి ముఖ్యకారణం ఈ పదార్థమే. దీనిని విషమన్నారు గాని, ఇది కణాలను స్వయంగా చంపుతున్నట్లు కనిపించలేదు. మరి ప్రాణం ఎందుకు పోతున్నది?

అమెరికాలో సి3హెచ్ అనే ఎలుకల వంశంలోని ఒక శాఖకు ఈ అంతర్విషం ఎంత ఎక్కించినా ఏమీ కాదని 1960ల దశకంలోనే తెలిసినది. డాలస్ నగరంలో బ్రూస్ బాయిట్లర్ ఈ వింతకు మూలమైన జన్యువు కోసం 1993 నుండి వెదకినాడు. 1998 సెప్టెంబరులో అది దొరికినది. ఆ ఎలుకలలో టోల్‌ను పోలిన నాలుగవ గ్రాహకం చెడిపోయి ఉన్నది. వందలాది అమినో ఆమ్లాల మాలలో ఒక్కచోట ప్రోలీన్ ఉండవలసినది హిస్టిడిన్ ఉన్నది, అంతే తేడా. యేల్‌లో కనుగొన్న గ్రాహకం కూడ ఇదే. అంతర్విషాన్ని గుర్తుపట్టే కావలివాడు దొరికినాడు.

అన్నిటికంటె గమనించదగినది ఒకటున్నది. విషం ఎక్కని ఆ ఎలుకలు అదృష్టవంతులని మనం అనుకొంటాము. బ్రతికిన క్రిములను ఎక్కిస్తే మాత్రం, తక్కిన ఎలుకలు తట్టుకొనే కొద్దిపాటి క్రిములకే అవి చచ్చిపోతాయి. దొంగ ఇంటిని దోచుకొంటున్నా కేకపెట్టేవాడు లేడు. ఫైఫర్ విషమన్నది నిజానికి క్రిమి విడిచిపెట్టలేని గునపం. దానిని చూచి మన శరీరం పెట్టే కేకయే జ్వరం, వాపు. ఆ కేక మితిమీరితేనే ప్రాణానికి ముప్పు. బెర్లిన్ విషం, పారిస్ కణాలు, నూరేళ్ళు రెండు వాదాలుగా నడచి, చివరకు ఒకే కథ అయినవి.

2011లో నోబెల్ బహుమానంలో సగాన్ని హాఫ్‌మన్, బాయిట్లర్లకు పంచినారు. తక్కిన సగం, తొలి కావలివారి కబురును ప్రతిరక్షకాల సైన్యానికి చేరవేసే శాఖాకణాలను 1973లో కనుగొన్న రాల్ఫ్ స్టైన్‌మన్‌కు ఇచ్చినారు. ఆ ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన మరణించిన సంగతి బహుమానం ఇచ్చేవారికి తెలియదు. తెలిసిన తరువాత కూడ బహుమానాన్ని నిలిపి ఉంచినారు. జేన్‌వే 2003లోనే గతించినాడు.

నేడు మనిషిలో ఇట్టి టోల్ గ్రాహకాలు పది ఉన్నవని తెలుసును. ఐదవది బాక్టీరియాలు ఈదడానికి వాడే తోకలోని మాంసకృత్తును పట్టుకొంటుంది. మూడవది, ఏడవది, ఎనిమిదవది వైరస్‌ల ఆర్.ఎన్.ఏ.ను, తొమ్మిదవది బాక్టీరియాల డి.ఎన్.ఏ.ను గుర్తిస్తాయి. ఆర్.ఎన్.ఏ., డి.ఎన్.ఏ.లు మన కణాలలో కూడ ఉన్నవి కదా అని సందేహం రావచ్చు. అందుకే ఈ గ్రాహకాలు కణం మ్రింగిన పదార్థాన్ని జీర్ణించుకొనే సంచులలో మాత్రమే కాపు కాస్తాయి. మన సొంత సరకు సాధారణంగా అక్కడికి చేరదు. దొంగను గుర్తుపట్టడానికి వాడి చేతి సరకే కాక, వాడు కనిపించిన చోటు కూడ సాక్ష్యమే.

ఈ ఏర్పాటు మితిమీరినప్పుడు జరిగే అనర్థమే సెప్సిస్ అనే ప్రాణాంతక స్థితి. ఒక లెక్క ప్రకారం 2017లో ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి అది సంభవించగా, వారిలో 1 కోటి 10 లక్షల మంది మరణించినారు. నాలుగవ టోల్ గ్రాహకం నోరు నొక్కితే రోగి బ్రతుకుతాడన్న ఆశతో ఎరిటొరాన్ అనే మందును పరీక్షించినారు. మరణాలు తగ్గలేదని 2013లో ఫలితాలు వెలువడినవి. రోగి ఆసుపత్రికి చేరేసరికి ఊరంతా మేల్కొని, మంట నలుదిక్కులా అంటుకొని ఉంటుంది. ఆ తరువాత తలారి నోరు మూసి లాభమేమి? కాబట్టి జ్వరంతో ఉన్న రోగి మాట తడబడినా, మగతలో పడినా, ఊపిరి వడివడిగా తీస్తున్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండ వైద్యుని చేర్చవలె. ఈ జబ్బులో గంటలు విలువైనవి.

దొంగలు కూడ తెలివితక్కువవారు కారు. బొంబాయిలో హాఫ్కిన్ ఎదుర్కొన్న ప్లేగు క్రిమినే చూడండి. గోమారి వంటి చిన్న పురుగు, ఎలుకల ఒంటిమీది ఈగురుపురుగు కడుపులో, చల్లదనంలో ఉన్నప్పుడు దాని పైపొర కొవ్వుకు ఆరు పాయలు ఉంటాయి. మనిషి ఒంటి వెచ్చదనానికి చేరగానే అది వాటిని నాలుగు పాయలకు తగ్గించుకొంటుంది. ఆరు పాయలను ఇట్టే పట్టే నాలుగవ టోల్ ఈ నాలుగింటిని సరిగా గుర్తించలేదు. క్రిమి గునపాన్ని పారవేయలేదు, ఉత్తరీయం క్రింద దాచినది. ఆరు పాయలను విడువకుండ ఉండేటట్లు ప్లేగు క్రిమిని మార్చి, 2006లో శాస్త్రజ్ఞులు ప్రయోగించి చూచినారు. ఎలుకలు దానిని తట్టుకొని బ్రతికినవి. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించిన మహమ్మారి బలంలో ఒక భాగం ఈ దాపరికంలో ఉన్నదన్నమాట.

ఈ విద్య మనకు అక్కరకు కూడ వచ్చినది. 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కోవాక్సిన్ టీకాను హైదరాబాదులో భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. అందులో చంపిన వైరస్‌తోపాటు, ఏడవ, ఎనిమిదవ టోల్ గ్రాహకాలను మేల్కొలిపే అణువును అల్యూమినియం లవణానికి అంటించి చేర్చినారు. జేన్‌వే ఎత్తిచూపిన రహస్యం ఇప్పుడు తెలిసి వాడే ఉపాయమైనది. దీనికి ఎదురు దారిలో కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ నడచినారు. టీకాగా ఎక్కించే ఆర్.ఎన్.ఏ.లో ఒక అక్షరాన్ని కొద్దిగా మార్చితే టోల్ గ్రాహకాలు కేకపెట్టవని 2005లో వారు చూపించినారు. కోవిడ్ కాలంలో వచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలకు అదే ఆధారం. 2023లో వారికి నోబెల్ బహుమానం లభించినది. ఒకచోట కావలివానిని లేపడం, మరొకచోట మేలు చేయవచ్చినవానిని అడ్డగించకుండ చూడడం, రెండూ ఒకే విద్యలోని రెండు ప్రయోగాలు.

మెస్సినాలో ముల్లు గుచ్చిన రాత్రి మెచ్నికాఫ్‌కు కణాలు మూగుతాయని మాత్రమే తోచినది. అవి ఏ ఆనవాలు పట్టి పోరాటానికి దిగుతాయో తెలియడానికి ఒక ఈగ, ఒక ఎలుక, నాలుగు తరాల మనుషుల ఓర్పు కావలసివచ్చినవి. ఈసారి మన కాలిలో ముల్లు దిగి, మరునాడు ఆ చోటు ఎర్రబడి సలిపినప్పుడు, ఆ బాధలో పెద్ద పాలు శత్రువు పెట్టినది కాదని జ్ఞాపకం చేసుకొందాము. మన తొలి కావలివాడు చీకటిలో దొంగను చూచి కేక పెట్టినాడు. ఆ కేక మనకు వినిపించినది.